పసుపు మీద పౌడర్

మా ఇంట్లోకి ఒక పౌడర్ డబ్బా తెప్పించడానికి మా చిన్నత్త నెల రోజులు కొట్లాడింది. ఆ నెల రోజులూ నేను ఆమె పక్షానే ఉన్నాను. తర్వాత నేను చేసిన పని తెలిస్తే ఆ మాట ఎవరూ నమ్మరు.

చిన్నత్త మా బాపుకు అందరికంటే చిన్న చెల్లెలు. నాకంటే ఆరేళ్ళే పెద్ద. మా ఊరు జనగామకు ఎద్దుల బండి మీద రెండు గంటల దూరం. ఇంట్లో అద్దం ఉండేది, కాటుక ఉండేది, పసుపు కుండెడు ఉండేది. పౌడర్ మాత్రం ఉండేది కాదు. మొఖానికి పౌడర్ వేసేది నాటకాల వాళ్ళని మా నాయినమ్మ నమ్మకం. బాపు బయట ఊరంతటికీ పంచాయితీలు చెప్పి వచ్చేవాడు గానీ, గడప దాటి లోపలికి వస్తే తల్లి మాటే చట్టం.

ఆ చట్టం అంటే నాకు ఒళ్ళు మంట. మా బడిలో కుట్లు నేర్పే టీచరమ్మ హన్మకొండ నుంచి వచ్చేది. ఆమె పక్క నుంచి పోతే చాలు, మల్లెపూల వాసన. మెడ మీద సన్నగా తెల్లటి పొర. ఆ పొర కోసమే నేను కుట్ల క్లాసు ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు. కుట్టడం మాత్రం ఇప్పటికీ రాదు.

అరవై తొమ్మిది మొదట్లో చిన్నత్తకు పెళ్ళి కుదిరింది. పిల్లగాడు కాటారంలో బడిపంతులు. భూపాలపల్లి దాటి, అడవి పక్క నుంచి ఇంకా పోవాలట. ఆ రోజుల్లో మాకు అది వేరే దేశంతో సమానం. సంబంధం ఖాయమైన సాయంత్రం అందరూ అరుగు మీద కూర్చుని ఉండగా చిన్నత్త లోపలి నుంచి వచ్చి నిలబడింది.

"చీర మీ ఇష్టం. సొమ్ములు మీ ఇష్టం. పిలగాడు గూడ మీ ఇష్టమే అయిండు. మొఖమొక్కటి నాది. లగ్గం నాడు పౌడర్ ఏసుకుంట, ఫోటో దిగుత" అంది.

నాయినమ్మ వక్క కొరకడం ఆపింది. "పసుపు సాలదా మొఖానికి?"

"పసుపు రోజూ పూస్తున్నవు గదనే. నేను గంత దూరం పోతున్న. మల్ల ఎప్పుడొస్తనో ఏమో. ఈ గోడకు నా ఫోటో ఒక్కటుంటది. గది మంచిగుండాలె."

ఆమె అడిగింది అంతే. ఆమె పుట్టినప్పటి నుంచి ఒక్క ఫోటో కూడా దిగలేదు. గోడ మీద తాత ఫోటో ఉండేది, బాపు పెళ్ళి ఫోటో ఉండేది. చిన్నత్త చూపిస్తున్న చోట ఒట్టి మేకు ఉండేది. నాయినమ్మ నెల రోజులు వినలేదు. చిన్నత్త నెల రోజులు ఆమెతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి బాపే, "గా డబ్బ ఒకటి కొనిద్దాం తియ్యే అమ్మా, పోతదా ఏమన్న" అని ఇంటి చట్టానికి అడ్డం పడ్డాడు. నేను వాకిట్లోకి ఉరికి మూడు చుట్లు తిరిగాను.

శివరాత్రి దాటిన వారం బట్టలకని జనగామ పోయాం. బాపు బట్టల దుకాణంలో కూర్చుంటే, చిన్నత్త నా చేయి పట్టుకుని ఎదురుగా ఉన్న గాజుల దుకాణంలోకి దారి తీసింది. గాజులు, రిబ్బన్లు, సవరాలు, అద్దాల బీరువాలో వరసగా పౌడర్ డబ్బాలు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. దుకాణాయన మూడు డబ్బాలు తీసి ముందు పెట్టాడు. ఒకటి గులాబీ రంగుది, ఒకటి మల్లె వాసన తెల్లది, ఇంకొకటి గంధం వాసనతో కొద్దిగా పసుపుపచ్చగా ఉన్నది.

నేను గులాబీ రంగు దాని మీద వేలు పెట్టాను. దుకాణాయన తల అడ్డంగా ఊపాడు. "గది తెల్లగున్నోళ్ళకమ్మా. చామనచాయ మీద ఏస్తే బుగ్గలకు దెబ్బ తాకినట్టు కనబడ్తది. తెల్లది మరీ ఎక్కువేస్తే బూడిదైతది. మీకు గిది పనికొస్తది" అని గంధం డబ్బా మూత తిప్పి, చిన్నత్త మణికట్టు మీద కొద్దిగా చల్లాడు. "గీడ సూడొద్దు. దుకాణంల అన్ని మంచిగనే కనిపిస్తయి. బయట ఎండలకు పోయి సూడుండ్రి."

మేం ఎండలోకి వచ్చాం. చిన్నత్త ఒక చేతి మీద తెల్లది, ఒక చేతి మీద గంధానిది రాసుకుని రెండు చేతులూ చాపింది. తెల్లది పైన అంటినట్టు తేలి ఉంది. గంధానిది ఎక్కడ వేసిందో వెతుక్కోవాల్సి వచ్చింది. వేసినట్టు తెలియకూడదు, వేసుకోనట్టూ ఉండకూడదు, అదే మంచి పౌడర్ అని ఆ దుకాణాయన గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఆ మాట నేను ఇప్పటికీ మా ఇంట్లో ఆడపిల్లలకు చెప్తూనే ఉంటాను. నా సొంత మాట అన్నట్టుగానే చెప్తాను.

బండిలో తిరిగి వస్తుంటే డబ్బా నా ఒళ్ళోనే ఉంది. చిన్నత్త నా అరచెయ్యి తిప్పి తన బుగ్గకు ఆనించుకుంది. "నీ సెయ్యి సల్లగుంటదే. చెమట రాదు. లగ్గం నాడు నాకు పౌడర్ నువ్వే ఎయ్యాలె" అంది. అప్పటిదాకా నన్ను నమ్మి ఎవరూ ఒక పాల చెంబు కూడా చేతికి ఇచ్చింది లేదు. నేను ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

మరుసటి రోజు నుంచే పాఠాలు మొదలయ్యాయి. డబ్బా ఖరాబ్ చేయొద్దని చిన్నత్త బియ్యప్పిండితో నేర్పింది. ముందు మొఖం కడిగి, తడి లేకుండా ఒత్తి తుడవాలి, రుద్దకూడదు. పౌడర్ నేరుగా మొఖం మీద చల్లకూడదు, అరచేతిలో వేసుకుని రెండో చేత్తో పరచాలి. ముక్కు పక్కన మొదలు పెట్టి చెవుల వైపు పోవాలి. మెడను మరిచిపోతే మొఖం అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది. చివర్న మెత్తటి గుడ్డతో మిగిలింది దులపాలి. ఇదంతా మా వాకిలి ముందు నుంచి పోయే టీచరమ్మను చూసి చూసి చిన్నత్త కనిపెట్టింది. వారం రోజుల్లో నాకు చెయ్యి తిరిగింది. బియ్యప్పిండి మొఖంతో చిన్నత్త కళ్ళు మూసుకుని కూర్చుని, "మంచిగనే నేర్చినవ్ పోరీ" అంటే నాకు గాలిలో తేలినట్టు ఉండేది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆ ఏడు జై తెలంగాణ అని ఊరూరా లేచారు. పిల్లలు బడులు విడిచి రోడ్డెక్కారు, మా బడికి తాళం పడింది. పన్నెండేళ్ళ పిల్లను, పొద్దంతా పని లేదు, చేతికి కొత్తగా విద్య వచ్చింది, సందుకలో అసలు డబ్బా ఉంది. సందుక తాళం చెవి ఉట్టి మీద గిన్నెలో ఉండేదని ఇల్లంతటికీ తెలుసు.

మొదటి రోజు మూత తిప్పి వాసన మాత్రమే చూశాను. రెండో రోజు వేలి కొన మీద కొద్దిగా. మూడో రోజు పగలు అందరూ కునుకు తీస్తుంటే అద్దం పట్టుకుని వడ్ల గదికి వెళ్ళి, నేర్చిన వరసలో మొత్తం వేసుకున్నాను. కిటికీ సందులోంచి వచ్చే వెలుతురులో నన్ను నేను చూసుకుని నవ్వాను. నేను అందంగా ఉన్నానని నాకు మొదటిసారి అనిపించింది. అర్ధగంట అలా కూర్చుని, అంతా కడిగేసుకుని బయటికి వచ్చేదాన్ని. రేపు వేసుకోవద్దు అనుకునేదాన్ని. రేపు వేసుకునేదాన్ని. ఒకసారి చిన్నత్త నా మెడ వెనక కొంగుతో తుడిచి, "ఏందే గిది, పిండా?" అంది. అవునన్నాను. ఆమె మరేం అడగలేదు.

పెళ్ళికి వారం ఉందనగా డబ్బా ఊపి చూశాను. అడుగున కొద్దిగా కదిలిన చప్పుడైంది. అప్పటికి గానీ నాకు భయం తెలియలేదు.

ఇంకో డబ్బా తెప్పించుకునే దారి లేదు. జనగామ బంద్. బస్సులు లేవు, దుకాణాలు తెరవడం లేదు. పెళ్ళి సరుకులే ఎక్కడెక్కడివో బండ్ల మీద తెస్తున్నారు. చిన్నత్తకు చెబుదామని రెండుసార్లు పక్కన కూర్చున్నాను. ఆమె గోడకు ఉన్న మేకును చూపించి, "గాడ పెట్టమంట మీ బాపును, తలుపు తెరవంగనే కనబడాలె" అంటుంటే లేచి వచ్చేశాను.

అప్పుడే పెళ్ళికని ఇంటికి సున్నం వేస్తున్నారు. దొడ్లో సున్నపు రాళ్ళ మీద నీళ్ళు చల్లితే అవి పొగలు కక్కి పగిలి, గుంట అంచుల్లో తెల్లటి మెత్తటి పొడిగా రాలి ఉన్నాయి. ఎండకు ఆరిన ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూశాను. పౌడరే. ఇంకో మాట లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పాత ధోవతి గుడ్డలో రెండుసార్లు జల్లెడ పట్టాను. రంగు కోసం చిటికెడు గంధం అరగదీసి ఆరబెట్టి కలిపాను. వాసన కోసం డబ్బాలో మిగిలిన అసలు పౌడర్ కలిపాను. తిప్పితే సన్న చిల్లులే తెరుచుకునే ఆ డబ్బా మూతను చెంచా మొనతో మొత్తం పైకి లేపితే అంచు ఒకచోట సొట్ట పోయింది. లోపల పోసి మూత మళ్ళీ ఒత్తాను. అంతటితో ఊరుకోలేదు. దుకాణాయన చెప్పినట్టు మణికట్టు మీద రాసుకుని ఎండలోకి పోయి చూశాను. కొద్దిగా దురద పెట్టింది గానీ, రంగు సరిగ్గా కలిసిపోయింది. పరీక్ష కూడా చేశాను కదా అని ఆ రోజు హాయిగా నిద్రపోయాను.

పెళ్ళి రోజు పొద్దున్నే సన్నాయి మొదలైంది. మగపెళ్ళి వారు బస్సులు లేక మూడు బండ్లు కట్టుకుని ముందు రోజే వచ్చి ఎదురింట్లో విడిది దిగారు. ఫోటో ఆయన వస్తాడా రాడా అని చిన్నత్త ఎంతమందిని అడిగిందో లెక్క లేదు. ఆమెకు మంగళ స్నానం చేయించి, నాయినమ్మ తన చేత్తో మొఖానికి, మెడకు, పాదాలకు పసుపు దట్టంగా పూసింది. ఇంతలో వాకిట్లో ఎవరో, "ఫోటో ఆయన ఒచ్చిండు, జనగామ నుంచి సైకిల్ తొక్కుకుంట" అన్నారు. చిన్నత్త మొఖం ఆ క్షణంలో ఎలా ఉందో నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

"తాళం తీసి డబ్బ తే పో" అంది నాతో. "జల్ది."

ఆమె పీట మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. చుట్టూ ఆడవాళ్ళు. పక్కన, పారాణి పెట్టడానికి వచ్చిన అవ్వ గిన్నెలో ఏదో కలుపుకుంటోంది. నాయినమ్మ గుమ్మంలో నిలబడి మొఖం పక్కకు తిప్పుకుంది. నేను నేర్చిన వరస తప్పలేదు. అరచేతిలో వేసుకున్నాను, ముక్కు పక్కన మొదలు పెట్టి చెవుల వైపు పోయాను, మెడ మరిచిపోలేదు. కళ్ళ దగ్గర మాత్రం వెయ్యడానికి చెయ్యి రాలేదు, కనీసం ఆ బుద్ధి పుట్టింది. పూర్తయ్యాక పెద్దమ్మ వరసామె ఒకామె, "మంచిగ ఏసినవ్ బిడ్డా" అంది. నిజంగానే బాగుంది.

గుడ్డ తీసి మిగిలింది దులుపుదామని వంగాను. చిన్నత్త ఎడమ బుగ్గ మీద రూపాయంత ఎర్రటి మచ్చ ఉంది. చూస్తుండగానే దాని పక్కన ఇంకొకటి లేచింది. గుడ్డతో తుడిచాను. తుడిచినంత మేరా ఎర్రగా పరుచుకుంది. ముక్కు, గదవ, మెడ, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ ఎరుపు.

"జర సురసుర అంటున్నదే" అంది చిన్నత్త కళ్ళు తెరవకుండానే.

గుంపులోంచి ఎవరో మెల్లగా, "అమ్మతల్లి పోసినట్టున్నది" అన్నారు. ఆ మాటతో గదిలో ఆడవాళ్ళంతా రెండడుగులు వెనక్కి జరిగారు. మా వైపు పొంగు, ఆటలమ్మ, ఏదైనా అమ్మతల్లే. అమ్మతల్లి పోస్తే మనిషిని వేపాకుల మీద పడుకోబెట్టాలి, గదిలోకి ఎవరూ రాకూడదు, ఇంట్లో శుభకార్యం జరగకూడదు. ఒకామె అప్పుడే వేపమండల కోసం బయటికి పోయింది. ఇంకొకామె గుమ్మం దగ్గర, "ఎదురింట్ల తెలిస్తే ఏమంటరో" అంది. నాయినమ్మ గోడ పట్టుకుని కింద కూర్చుంది. చిన్నత్త కళ్ళు తెరిచి అద్దం అడిగింది. ఎవరూ ఇవ్వలేదు. ఆమె పీట పక్కన పెట్టి ఉన్న అద్దాన్ని తనే లాక్కుని చూసుకుంది.

అప్పుడు చెప్పి ఉండవలసింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. మళ్ళీ మూసుకుని, చేతిలోని గుడ్డను మడత పెట్టాను. పెళ్ళి ఆగిపోతుంది, నా వల్ల, నేను వడ్ల గదిలో అద్దం చూసుకుని నవ్వినందుకు. ఆ ఒక్కటే ఆలోచన.

పారాణి అవ్వ మాత్రం వెనక్కి జరగలేదు. తన గిన్నెలోకి చూసింది, చిన్నత్త మొఖంలోకి చూసింది. దగ్గరకు వచ్చి బుగ్గ మీద వేలుతో రాసి, ఆ వేలు గిన్నెలోని పారాణి పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే ఎరుపు.

"ఏ అమ్మతల్లి లేదు, ఏం లేదు" అంది తాపీగా. "పసుపుల సున్నం పడితే ఏమైతదే? పారాణి అయితది. నా గిన్నెలున్నదే గీ పొల్ల మొఖం మీదున్నది. గా పౌడర్‌ల సున్నం కలిసింది. పులిసిన సల్ల తెండ్రి, ఒర్లకుండ్రి."

మంచినీళ్ళతో ముందు రెండుసార్లు కడిగింది. తర్వాత కుండలోంచి పుల్లటి మజ్జిగ తెచ్చి మెల్లగా మొఖానికి పట్టించింది. ఎరుపు ఎలా వచ్చిందో అలాగే పోయింది, పసుపు మళ్ళీ తేలింది. నేను నోరు తెరుచుకుని చూశాను. పండగలకు మా ఇంట్లో పసుపు, సున్నం కలిపి పారాణి చేయడం వందసార్లు చూశాను. గిన్నెలో చూసింది మనిషి మొఖం మీద కూడా జరుగుతుందని నాకు తట్టనే లేదు. పౌడర్‌ను మణికట్టు మీద పరీక్ష చేశాను గానీ, పసుపు మీద చేయలేదు.

నాయినమ్మ లేచి నిలబడే సరికి ఆమె గొంతూ లేచింది. జనగామ దుకాణాయన వంశాన్ని మూడు తరాల దాకా తిట్టింది. ఫోటో ఆయన సంగతి విని, తన సంచిలో ఉన్న పౌడర్ డబ్బా తీసి, "జర మెరుపు లేకుండ అద్దుకోండ్రి" అని ఇవ్వబోయాడు. "ఇంక గీ ఇంట్ల పౌడర్ పేరెత్తితే సూడు" అంది నాయినమ్మ. చిన్నత్త ఈసారి కొట్లాడలేదు. "వద్దు తియ్యి" అంది. ఆమె అడిగిన ఒకే ఒక్కటి అలా పోయింది. సల్లతో కడిగిన ఒట్టి మొఖంతో ఫోటో దిగింది.

బాపు మాత్రం వదల్లేదు. "గా డబ్బ ఇటు తే. దుకాణం తెరిచినంక వాని మొఖాన కొట్టొస్త" అన్నాడు. డబ్బా కోసం గదంతా వెతికారు. పీట కింద, సందుకలో, పూల బుట్టలో ఎక్కడా లేదు. గడబిడలో ఎవరో తీసి పారేసి ఉంటారనుకున్నారు. డబ్బా లేకుండా కొట్లాట ఏం పెట్టుకుంటామని బాపు ఊరుకున్నాడు. దుకాణాయన బతికిపోయాడు. నేనూ బతికిపోయాను. సాయంత్రం అప్పగింతల్లో చిన్నత్త నన్ను దగ్గరకు తీసుకుని ఏడుస్తుంటే, నేను అందరికంటే ఎక్కువ ఏడ్చాను. ఎంత ప్రేమో అని అందరూ అనుకున్నారు.

ఫోటో వచ్చింది. బాపు దాన్ని ఆమె చెప్పిన మేకుకే తగిలించాడు. నుదుటి మీద, ముక్కు మీద వెలుగు పడి మొఖం మెరుస్తోంది, కళ్ళు కొద్దిగా వాచి ఉన్నాయి. తలుపు తెరిస్తే ముందు అదే కనిపించేది. నేను తల దించుకుని లోపలికి పోయేదాన్ని.

చిన్నత్త ఏడాదికో రెండేళ్ళకో వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆ ఫోటో ముందు కాసేపు నిలబడి లోపలికి పోయేది. నాయినమ్మ బతికినన్నాళ్ళూ ఆ దుకాణాన్ని తిడుతూనే పోయింది. నేను చెప్పలేదు. చెప్పకుండా ఒక ఏడాది గడిస్తే మరుసటి ఏడాది ఇంకా కష్టం అవుతుంది. అలా పదకొండేళ్ళు గడిచాయి.

ఈలోగా బాపు మహబూబాబాద్‌లో ఎరువుల దుకాణం పెట్టి, ఇల్లు కూడా అక్కడికే మార్చాడు. గోడ మీది ఫోటోలన్నీ వచ్చాయి, ఆ ఫోటో కూడా వచ్చింది. నేను టీచర్ ట్రైనింగ్ చేసి ఉద్యోగంలో చేరాను. కుట్లు తప్ప అన్నీ చెప్పేదాన్ని. నాకు పెళ్ళి కుదిరితే చిన్నత్త ఉత్తరం రాసింది. "నీ మొఖానికి పౌడర్ నేనే వేస్తాను. ఇంకెవరి చేతా వేయించుకోవద్దు. డబ్బా కూడా నేనే తెస్తాను." ఆ ఉత్తరం చదివిన రోజు క్లాసులో లెక్కలన్నీ తప్పు చెప్పాను.

ముందు రోజే రావలసిన మనిషి, రాలేదు. కాటారం నుంచి బయల్దేరిన బస్సు భూపాలపల్లి దాకా బాగానే వచ్చి, చిట్యాల దగ్గర చెడిపోయిందట. పెళ్ళి పొద్దున నాకు మొఖానికి పసుపు పూస్తుండగా వాకిట్లో ఆమె గొంతు వినబడింది. నేను పీట మీద నుంచి లేవబోతే అందరూ కలిసి కూర్చోబెట్టారు. చిన్నత్త నెత్తిన దుమ్ముతో, చేతిలో సంచితో నేరుగా గదిలోకి వచ్చింది. కణతల దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. కాళ్ళు చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చుంది.

సంచిలోంచి ముందు ఒక కొత్త డబ్బా తీసింది. గంధం వాసనదే. తర్వాత ఇంకో డబ్బా తీసింది. పైన రంగు చాలా వరకు పోయింది, మూత అంచు ఒకచోట సొట్ట పోయి ఉంది. ఆ సొట్ట చెంచా మొనతో చేసింది నేనే.

చిన్నత్త పాత డబ్బా మూత తీసింది. లోపల పసుపు ఉంది. చిటికెడు పసుపు అరచేతిలో వేసుకుని రెండు చుక్కల నీళ్ళతో తడిపింది. దాని మీద కొత్త డబ్బాలోంచి పౌడర్ చల్లింది. వేలుతో కలిపి, అరచెయ్యి కిటికీ వెలుతురులోకి చాపి, చూస్తూ కూర్చుంది.

"ఏం జేస్తున్నవ్ చిన్నమ్మా?" అంది చుట్టాల్లో ఎవరో.

"ఏం లేదు. ఎర్రగైతదో ఏమో అని సూస్తున్న" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పాత సంగతి గుర్తొచ్చి నవ్వారు. చిన్నత్త నవ్వలేదు. నా వైపే చూస్తోంది.

పసుపు పసుపుగానే ఉంది.

"అయితలేదు. గిప్పుడు ఎయ్యొచ్చు" అని చెయ్యి కడుక్కుని, పౌడర్ పోసుకుని, నా ముక్కు పక్కన మొదలు పెట్టింది. అదే వరస. ఆమె ఊపిరి నా మొఖానికి తగిలేంత దగ్గరగా ఉంది. నేను ఇక ఆగలేకపోయాను. "అత్తా, గది..." అన్నాను. "గది నేనే..."

"నాకు తెల్వదా?" అంది నాకు మాత్రమే వినబడేంత మెల్లగా. "మూత సూసిననాడే తెలిసింది. గా డబ్బ మీ బాపు సేతిల పడితే నీ ఈపు పగిలేది. లేకుంటే పాపం, దుకాణపాయన ఊకెనే బద్నాం అయ్యేటోడు. గందుకే దాసిన."

"ఫోటో నీకు..."

"మూతి ముయ్యి. పౌడర్ నోట్లకు పోతది."

నోరు మూసుకున్నాను. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు. అవి బుగ్గల మీద రెండు గీతలు గీస్తే ఆమె విసుక్కుంటూ గుడ్డతో ఒత్తింది, రుద్దలేదు. మెడ కూడా మరిచిపోలేదు. అద్దం ఇస్తే చూసుకున్నాను. వేసినట్టు లేదు, వేసుకోనట్టూ లేదు.

ఫోటో ఆయన లోపలికి తొంగి చూసి, అయిందా అని అడిగాడు. కాలేదన్నాను. చిన్నత్త చెయ్యి పట్టి నా పక్కన పీట మీదకు లాగాను. ముహూర్తం దగ్గర పడుతోందని అందరూ గొడవ చేశారు. ఏం కాదు, ఉండనీయండి అన్నాను. పెళ్ళికూతురి మాట కాబట్టి చెల్లింది. ఆమె మొఖం తుడిచి, అరచేతిలో పౌడర్ పోసుకున్నాను. "ఏందే, నాకిప్పుడు ఎందుకు, నలుగురు నవ్వుతరు" అని ఆమె నోరు తెరిచింది. నేను కూడా అదే మాట అన్నాను, మూతి ముయ్యి అత్తా, పౌడర్ నోట్లకు పోతది అని.

నా ఫోటో కంటే ముందు ఆమె ఒక్కదాన్నే కిటికీ దగ్గర నిలబెట్టి ఒక ఫోటో తీయించాను. అది ఇప్పుడు పాత ఫోటో పక్కన, అదే గోడకు ఉంది. తలుపు తెరవగానే రెండూ కనిపిస్తాయి. ఆ ఫోటోలో చిన్నత్త పెదవులు గట్టిగా మూసుకుని ఉంటుంది.